పుండు అని చెప్పింది నేనే

మా ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను డాక్టరమ్మ అంటారు. ఏడేళ్ళ కింద తెలుగు సాహిత్యంలో నాకు పిహెచ్.డి. వచ్చినప్పుడు మా నాయిన హోటలు దగ్గర అందరికీ చాయ్ పోయించి 'బిడ్డ డాక్టరయింది' అని చెప్పుకున్నాడు. ఏం డాక్టరని అక్కడ ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అప్పటినుంచి పండక్కి ఊరికి పోతే చాలు, బట్టల దుకాణం కవర్లలో స్కానింగు ఫిల్ములు, రక్తపరీక్షల కాయితాలు, మందుల చీటీలు పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వస్తారు. మొదట్లో నవ్వుతూ "నేను ఆ డాక్టరును కాదు పెద్దమ్మా, కథలూ కవిత్వమూ చదివే డాక్టరును" అని చెప్పేదాన్ని. ఒక పెద్దమ్మ ఆ మాటను ఏమాత్రం పట్టించుకోలేదు. "ఏ డాక్టరువైతేంది బిడ్డా, గీ కాయితం మీద ఏం రాసిండ్రో సదివి చెప్తవు గద. ఆల్లు రాస్తరు గని చెప్పరు" అంది.

ఆమె అన్నది నిజమే. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చింది వైద్యం చేసే మనిషి కోసం కాదు. చదివి చెప్పే మనిషి కోసం. ఆ లెక్కన నేను ఈ పని ఏడేళ్ళ కింద మొదలుపెట్టలేదు. 2006లో, నాకు పదిహేడేళ్ళప్పుడే చేశాను. నేను మొదటిసారి చదివి చెప్పింది మా అమ్మకు. ఎంత తప్పుగా చెప్పానో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇన్నాళ్ళూ ఇది ఎక్కడా రాయలేదు.

మాది మెదక్ జిల్లాలో ఒక పల్లె. మా అమ్మకు పదహారేళ్ళకు పెళ్ళయింది. ఇరవై రెండేళ్ళకు ఇద్దరు పిల్లలు పుట్టడమూ, పిల్లలు కాకుండా ఆపరేషను కావడమూ రెండూ అయిపోయాయి. ఇందులో వింతేమీ లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాతికేళ్ళ లోపే ఆపరేషను చేయించుకున్న ఆడవాళ్ళు ఇంటింటికీ కనిపిస్తారు. నా చిన్నప్పుడు మా ఊరి గోడల మీద ఆరోగ్యం గురించి ఉన్న రాతల్లో నాకు గుర్తున్నవన్నీ ఎర్ర త్రికోణం కిందివే. ఎంతమంది పిల్లలు చాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేవి. నర్సమ్మ ఊళ్ళోకి వచ్చేది. వస్తే కడుపుతో ఉన్నవాళ్ళ ఇంటికి, చంటిపిల్లల ఇంటికి, ఇద్దరు పిల్లలుండీ ఇంకా ఆపరేషను చేయించుకోనివాళ్ళ ఇంటికి పోయేది. అమ్మ ఆ మూడింట్లోనూ లేదు. ఇరవై రెండేళ్ళకే ప్రభుత్వానికి అమ్మ శరీరంతో పని అయిపోయింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళలో ఎవరూ మా గడపకు వచ్చి నీ ఒంట్లో ఎట్లా ఉందని అడగలేదు.

ఒంట్లో బాగా లేదు. తెల్లబట్ట అయ్యేది, నడుము గుంజేది, ముట్టు వస్తే ఆరేడు రోజులు పోయేది. ఇవన్నీ నాకు అప్పుడు తెలియదు. అమ్మ రాత్రిపూట నడుముకు చీరకొంగు బిగించి కట్టుకుని పడుకోవడం ఒక్కటే తెలుసు. ఈ సంగతి చెప్పుకోడానికి ఊళ్ళో ఉన్నది ఆరెంపీ డాక్టరు ఒక్కడే. ఆయన మగవాడు, పైగా నాయినకు వరస కలిసినవాడు. కాబట్టి అమ్మ మొదట నాయినతో చెప్పింది, నాయిన ఆయనతో చెప్పాడు, ఆయన గోలీలిచ్చాడు, అవి మళ్ళీ నాయిన చేతి మీదుగా అమ్మకు వచ్చాయి. నాలుగైదు నెలలు ఇట్లా నడిచాక టౌన్లో తనకు తెలిసిన దవాఖాన ఉందని, తానే వెంబడి వస్తానని ఆరెంపీ అన్నాడు. ఎందుకు వస్తానన్నాడో, వచ్చినందుకు ఆయనకు ఏం ముట్టిందో మాకు తెలియదు. మంచిమనిషి అనుకున్నాం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. రాత్రి ఒంటిగంటకు జ్వరమొస్తే వచ్చేదీ ఆయనే.

అక్కడి డాక్టరు ఆడమనిషి. స్త్రీవాదులం మనం కొన్నిసార్లు దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకుంటాం. గదిలో అమ్మ స్టూలు మీద కూర్చుంది, నేను పక్కన నిలబడ్డాను. మేడమ్ స్కానింగు కాయితం చూసి, అమ్మ వైపు కాక నా వైపు తిరిగి "ఏం చదువుతున్నావ్?" అంది. "ఇంటరు సెకండియర్ మేడమ్, బైపీసీ." "అయితే నీకర్థమవుతుంది" అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. యుటెరస్ బల్కీగా ఉంది, సర్విక్స్ మీద ఎరోజన్ ఉంది, పిల్లలు ఇద్దరున్నారు కదా, తీసేస్తే మంచిది, ఆలస్యం చేస్తే క్యాన్సరుకు చాన్సుంది. అంతా కలిపి మూడు నిమిషాలు కూడా కాలేదు.

నాకు గర్వంగా అనిపించింది. ఇది దాచి రాస్తే ఈ వ్యాసం రాయడం దండగ. టౌన్లో ఇంగ్లీషు మీడియం కాలేజీకి పంపడానికి అమ్మ సంఘంలో అప్పు తెచ్చింది. ఆ ఇంగ్లీషుతో ఇప్పుడు ఒక డాక్టరు నాతో సమానంగా మాట్లాడుతోంది. నేను తల ఊపుతూ ఉన్నాను. అర్థం కానిచోట కూడా ఊపాను. ఏదైనా అడిగితే నాకు తెలియదని తేలిపోతుందని అడగలేదు.

బయట వరండాలో అమ్మ అడిగింది. "ఏమంటుంది బిడ్డా?"

"సంచి వాచిందట. పుండయిందట."

"పుండంటే క్యాన్సరా?"

ఒక్క క్షణం ఆలోచించి "ఇప్పుడు కాదుగానీ తియ్యకుంటే అయితదట" అన్నాను. చాన్సు అనే మాట దారిలో ఎక్కడ పడిపోయిందో నాకు తెలియదు. అమ్మ ఇంకేమీ అడగలేదు. నాయినకూ ఆరెంపీకీ కూడా నేనే మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు ఇంకా ధీమాగా చెప్పినట్టు గుర్తు.

ఆపరేషనుకు 18,000 అయింది. సంఘంలో తీసుకున్న అప్పు సరిపోక మిగతాది వడ్డీకి తెచ్చారు. సంఘం పుస్తకంలో అమ్మ సంతకం చేసింది. రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం, ఇంటిపేరుతో సహా గుండ్రంగా పెడుతుంది. దవాఖానలో ఆపరేషనుకు ఒప్పుకుంటున్నట్టు ఇచ్చిన ఫారం ఇంగ్లీషులో ఉంది. దాని మీద నాయిన సంతకం చేశాడు. పేరు, ఊరు, సంబంధం అనేచోట 'భర్త' అని నేను నింపాను. అప్పు తీర్చే బాధ్యత మీద అమ్మ సంతకం, శరీరం కోయడం మీద నాయిన సంతకం. ఆ రోజు మాలో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. అమ్మ ఆరడుగుల దూరంలో బెంచీ మీద కూర్చునే ఉంది.

రెండేళ్ళ తర్వాత, 2008 జనవరిలో, సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పు చెప్పింది. ఢిల్లీలో ఒకామె పరీక్ష కోసమని మత్తుమందు తీసుకుని పడుకుంది. ఆమె స్పృహలో లేనప్పుడు బయట ఉన్న ఆమె తల్లి దగ్గర ఒప్పుదల తీసుకుని గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. మేజరైన మనిషి, ప్రాణం మీదకు వచ్చిన పరిస్థితి కాదు, కాబట్టి ఒప్పుకోవలసింది ఆమే తప్ప తల్లి కాదు అని కోర్టు అంది. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషనుకు ఒప్పుకున్నట్టు కాదని కూడా అంది. ఆ తీర్పు చదివినప్పుడు మా దవాఖాన బెంచీ గుర్తొచ్చింది. అమ్మకు మత్తు కూడా ఇవ్వలేదప్పటికి.

2015లో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పరిశోధన కోసం పాత పుస్తకాలు తిరగేస్తుంటే 'సవాలక్ష సందేహాలు' దొరికింది. మన పాఠకుల్లో చాలామందికి ఆ పుస్తకం కొత్త కాదు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1991లో తెచ్చారు. ఆడవాళ్ళ శరీరం గురించి, జబ్బుల గురించి, డాక్టర్ల ముందు మనం ఎందుకు నోరు మెదపలేమో దాని గురించి ఆడవాళ్ళే కూర్చుని రాసిన తెలుగు పుస్తకం. అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టి, గ్రంథాలయం మూసేదాకా చదివాను. అప్పుడు నాకు వచ్చింది ఆనందం కాదు, కోపం. మా అమ్మ ఆపరేషనుకు పదిహేనేళ్ళ ముందే ఈ పుస్తకం తెలుగులో ఉంది. హైదరాబాదు నుంచి మా ఊరికి బస్సులో మూడు గంటలు. పదిహేనేళ్ళలో అది ఆ దూరం రాలేదు. రాసినవాళ్ళను తప్పు పట్టడం లేదు, అసలే కాదు. ఎర్ర త్రికోణం మాత్రం ప్రతి గోడ మీదికీ ఎట్లా వచ్చిందా అని ఆలోచించాను.

ఆ పుస్తకంతో మొదలై ఒకటొకటిగా చదువుకుంటూ పోయాను. తెలిసిందేమిటంటే, బల్కీ అంటే వాపు కాదు. మామూలు కంటే కొంచెం పెద్దగా ఉందని మాత్రమే. పిల్లల్ని కన్నవాళ్ళలో అది ఉండేదే. దానికదే జబ్బు కాదు. ఎరోజన్ సంగతి ఇంకా విచిత్రం. గర్భసంచి మూతి లోపలివైపు ఉండే మెత్తని ఎర్రని పొర కొందరిలో కొంచెం బయటికి కనిపిస్తుంది. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్ళలో ఇది చాలా మామూలు. అక్కడ కోసుకుపోయిందీ లేదు, పుండు పడిందీ లేదు. చూపుకు ఎర్రగా, ఒరుసుకుపోయినట్టు ఉంటుందని పాతకాలం వైద్యులు ఇంగ్లీషులో ఆ పేరు పెట్టారు. ఆ పేరు తప్పని వైద్యులే చెబుతారు. ఇప్పుడు ఎక్‌ట్రోపియన్ అంటున్నారు. అది క్యాన్సరుకు దారితీసేది కాదు. అనుమానముంటే మూతి దగ్గరి కణాలు కాసిన్ని తీసి పాప్ స్మియర్ పరీక్ష చేస్తారు. కోత లేదు, పెద్ద ఖర్చు లేదు. అమ్మకు ఆ పరీక్ష చేయలేదు.

అనువాదం గురించి నేను సెమినార్లలో మాట్లాడతాను. మూలానికి విధేయంగా ఉండాలా, చదివేవాళ్ళకు విధేయంగా ఉండాలా అని. ఎరోజన్‌ను పుండు అనడం మూలానికి చాలా విధేయమైన అనువాదం. మూలంలోని మాటే అబద్ధం, నేను దాన్ని నమ్మకంగా తెలుగులోకి తెచ్చాను. పల్లెలో పుండు అంటే ఏమిటో కూడా నాకు తెలుసు. మానని పుండు అంటే చావుకు ఇంకో పేరు. ఆ మాట విన్నాక సంచి ఉంచుకోవాలా వద్దా అని ఎవరూ ఆలోచించరు. నన్ను తప్పించుకోడానికి ఈ మాట అనడం లేదుగానీ, ఈ పదమే లేకపోతే మన దగ్గర ఇన్ని ఆపరేషన్లు జరిగేవా అని నాకు అనుమానం. ఇప్పటికి ఆ కవర్ల ఆడవాళ్ళను ఎంతమందిని అడిగానో. ఆపరేషను ఎందుకైందంటే సగం మంది చెప్పేది అదే మాట, పుండయిందన్నరు.

'సంచి' అనే మాట కూడా తక్కువది కాదు. సంచి అంటే ఏదో ఒకటి పెట్టుకునేది. పెట్టాల్సినవి పెట్టి తీసేశాక ఖాళీ సంచి ఇంట్లో ఎందుకు? మా ఊళ్ళో అత్తలూ, ఆరెంపీలూ, డాక్టర్లూ అందరూ ఈ తర్కమే మాట్లాడతారు.

నా సిద్ధాంతగ్రంథం స్త్రీవాద కవిత్వంలో శరీరం మీద. 'నీలిమేఘాలు' 1993లో వచ్చిన తర్వాత జరిగిన చర్చలు, కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', వీటి మీద ఒక పెద్ద అధ్యాయం రాశాను. కనడం గురించి, కనకూడదనుకోవడం గురించి మన కవయిత్రులు ఎంత నిర్భయంగా రాశారో నలభై పేజీలు వివరించాను. ఆ నలభై పేజీల్లో సంచి తీయించుకున్న ఆడమనిషి ఒక్కతీ లేదు. వైవాలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. ఇంట్లో నా ఎదురుగా తిరుగుతున్న మనిషి నా అంశం కిందికి వస్తుందని నాకు తెలియకపోవడం గురించి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి ఈ సంగతి లెక్క తీసింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్ళవే. 2019-21 సర్వేలో ఆంధ్ర 8.7, తెలంగాణ 8.2. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు దవాఖానల్లో జరిగినవి. 2019లో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరుకు నరికే ఆడకూలీలు గుంపులుగా సంచులు తీయించుకుంటున్నారన్న వార్త వచ్చింది. పని ఒక్కరోజు మానితే మేస్త్రీ జరిమానా వేస్తాడని, ముట్టు బాధ ఉండకూడదని. ఆ ప్రభుత్వం విచారణ కమిటీ కూడా వేసింది. మా విభాగంలో ఆ వార్త మీద అందరం చాలా బాధపడ్డాం. అయ్యో ఆ మరాఠీ ఆడవాళ్ళు అనుకున్నాం. మన అంకెలు అప్పటికే అచ్చయి ఉన్నాయి.

పోయినేడు నాకూ పొట్టలో నొప్పి వచ్చి హైదరాబాదులో స్కానింగు చేయించుకున్నాను. నాకు ముప్పై ఆరు. అమ్మకు ఆపరేషనైన వయసు. కాయితం మీద అవే మాటలు, బల్కీ యుటెరస్. డాక్టరు నేను పనిచేసే చోటు అడిగి, తెర నా వైపు తిప్పి, ఇది గర్భసంచి, ఇది మూతి, ఇవి రెండు పక్కలా అండాశయాలు అని చూపించి, భయపడాల్సిందేమీ లేదని ఇరవై నిమిషాలు మాట్లాడింది. రెండు నెలల మందులు, అంతే. బయటికి వచ్చి ఆటోలో కూర్చుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావమ్మా, రిపోర్టు బాగా రాలేదా అని ఆటో ఆయన అడిగాడు.

చదివి చెబితే చాలు, అన్నీ సరవుతాయని నాకూ కొన్నాళ్ళు నమ్మకముండేది. మా చిన్నమ్మ కోడలు ఆ నమ్మకాన్ని కదిపింది. 2024లో ఆమె కవరు తెచ్చినప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. అదే తెల్లబట్ట, అదే పుండు, వారంలో తీసేస్తామన్న అదే రకం దవాఖాన. ఈసారి తప్పు చేయకూడదని రెండు గంటలు కూర్చోబెట్టి అంతా చెప్పాను. బొమ్మ గీశాను. సర్కారు దవాఖానకు నేనే వెంట తీసుకుపోయాను. చీటీకి వరస, డాక్టరుకు వరస, స్కానింగుకు రెండు వారాల తర్వాత తారీకు. లోపల డాక్టరు ఆమెతో మాట్లాడింది రెండు నిమిషాలు. బయట ఇంకా అరవై మంది ఉన్నారు, ఆమెనూ అనలేం. మందులు మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ వాడాలని రాసిచ్చింది. మొగుడు నాకేం రోగమని వాడలేదు. తెల్లబట్ట మళ్ళీ మొదలైంది. మళ్ళీ పోవాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు టికెట్టు లేదు, నిజమే. కూలి మాత్రం పోతుంది. అవి పత్తి ఏరే రోజులు.

నేను హైదరాబాదు వచ్చేశాక నాలుగో నెలలో ఆమె టౌన్లో ఆపరేషను చేయించుకుంది. ఫోనులో కోపంగా అడిగాను. ఆమె మెల్లగా అంది. "అక్కా, నువ్వు చెప్పింది మంచిగనే ఉంది. గని నువ్వు చెప్పినట్టు చెయ్యాలంటే యాడాది తిరగాలె. గాల్లు వారంల తీసేస్తమన్నరు. నాకు తిరిగే ఓపిక లేదక్కా." ఆమెకు అంతా తెలుసు. పుండు కాదనీ, క్యాన్సరు కాదనీ నాకంటే బాగా అప్పజెప్పగలదు. తెలిసీ చేయించుకుంది. దీన్ని అజ్ఞానం అనడానికి నాకు నోరు రాదు. ఎంపిక అనడానికీ రాదు. ఆరోగ్యం మీద అవగాహన సదస్సులు పెట్టేవాళ్ళు ఎవరైనా నన్ను పిలిస్తే ఆమె మాటే చెబుతున్నాను. వాళ్ళకు అది అంతగా నచ్చదు, చార్టులు అప్పటికే వేయించి ఉంటారు.

గర్భసంచి ఆపరేషన్ల మీద నరేంద్ర గుప్తా అనే వైద్యుడు 2013లో సుప్రీంకోర్టుకు పోయారు. బీహారు, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో అవసరం లేకుండా చేస్తున్నారని. పదేళ్ళకు, 2023 ఏప్రిల్‌లో, అన్ని రాష్ట్రాలూ కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని కోర్టు చెప్పింది. మా చిన్నమ్మ కోడలికి ఆపరేషను అయింది ఆ తర్వాతే.

నా స్కానింగు అయిన తర్వాత సంక్రాంతికి ఊరికి పోయాను. అమ్మకు యాభై అయిదు దాటాయి. 2018లో వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. చిన్న జారుడుకే ఎముక ఎందుకు విరిగిందని ఎముకల డాక్టరు "ముట్టు ఎన్నేళ్ళకు ఆగింది?" అని అడిగితే, ముప్పై ఆరు అని నేనే చెప్పాను. ఆయన తల పంకించి కాల్షియం గోలీలు రాశాడు. అప్పటినుంచి వాడుతూనే ఉంది.

అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతుంటే చెప్పేశాను. ఆ రోజు ఆ మేడమ్ చెప్పింది నాకు సగం అర్థం కాలేదనీ, అది పుండు కాదనీ, క్యాన్సరయితదన్నది నా మాటేననీ. అమ్మ చేయి ఆగలేదు.

"నువ్వు చెప్పినవని తీపిచ్చుకుంటినా? ఆరెంపీ చెప్పె, డాక్టరమ్మ చెప్పె, మీ నాయిన తలకాయ ఊపె. నువ్వు చిన్నపిల్లవు" అంది. కాసేపాగి "తీసినంక పీడ వోయిందనుకున్న. నాట్లల్ల మోకాలి బురదల నిలవడి, బట్ట మార్చుకుందామంటే ఒక చెట్టు సాటు లేకుండె. నీకేమెర్క" అంది. మళ్ళీ కాసేపటికి, నవ్వుతున్నట్టే, "తొమ్మిది దినాలు దవాఖానల, నెల దినాలు ఇంట్ల. మీ అమ్మమ్మ వచ్చి వండిపెట్టె. పెండ్లయినంక గంత నిమ్మళంగ పండుకున్నది గప్పుడే బిడ్డా."

నేను క్షమాపణ అడుగుదామని వచ్చాను. అడగడానికి అక్కడ చోటు లేకపోయింది.

తర్వాత ఆమే లేచి లోపలి పెట్టెలోంచి ఒక కవరు తెచ్చింది. ఇరవై ఏళ్ళుగా భూమి కాయితాల కింద దాచిపెట్టిన దవాఖాన కాయితాలు. "గీన్ల ఏముందో ఇప్పుడు సదువు" అంది. డిశ్చార్జి కాయితం మీద టి.ఎ.హెచ్., బి.ఎస్.ఓ. అని రాసి ఉంది. పొట్ట కోసి గర్భసంచి తీశారని మొదటిదానికి అర్థం. రెండు వైపులా నాళాలు, అండాశయాలు కూడా తీశారని రెండోదానికి. ఆ రెండోది ఆ రోజు మాకెవరూ చెప్పలేదు, మేము అడగలేదు.

అండాశయం అంటే అమ్మకు తెలియదు. మా ఊళ్ళో దానికి ఏ మాటా వాడగా నేను వినలేదు. క్యాలెండరు చింపి వెనక బొమ్మ గీశాను. సంచి, మూతి, రెండు పక్కలా బాదం గింజంత రెండు. ముట్టు రావడానికీ, ఎముకలు గట్టిగా ఉండడానికీ కావలసింది వీటిల్లోంచే వస్తుందని చెప్పాను. అమ్మ బొమ్మను చాలాసేపు చూసింది.

"ఇవి గూడ తీసిండ్రా?"

"తీసిండ్రు."

"ఇవి గూడ కరాబైనయా?"

కవర్లో అడుగున 2006 నాటి స్కానింగు కాయితం ఉంది, మడతల దగ్గర చిరిగిపోయింది. అందులో చివరి వరసలో రెండు అండాశయాలూ మామూలుగా ఉన్నాయని రాసి ఉంది. అదే చదివి చెప్పాను.

"గప్పుడు గూడ గిట్లనే రాసుండెనా?"

"ఇది అప్పటిదేనమ్మా."

"నువ్వు సదివినవు గద మరి."

చదివాను. మామూలుగా ఉన్నదాని గురించి చెప్పడానికి ఏముందనుకున్నాను.